అమ్మ చెప్పమన్న మాట

మా ఇంటి ఎదురుగా ఒకాయన మేడ కట్టిస్తున్నాడు. బండలు పరిచే పనికి ఉత్తరాది నుంచి ఒక కుటుంబం వచ్చింది. కప్పు పడిన గదిలోనే కాపురం పెట్టారు. మొగుడు, పెళ్ళాం, ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. పెద్దవాళ్ళిద్దరికీ మన మాట ఒక్కటి రాదు. పిల్లకు మాత్రం మూడు నెలల్లో ప్రొద్దుటూరు తెలుగు పట్టుబడిపోయింది. అంగట్లో ఉప్పు కావాలన్నా, మేస్త్రీతో గొడవ పడాలన్నా ఆ పిల్లే.

మొన్న ఆరోగ్యకేంద్రం నర్సమ్మ మా వీధికి వచ్చింది. ఆ తల్లిని పిలిచి నిలబెట్టి పిల్లను అడిగింది.

"మీయమ్మకు ఎన్నో నెల మే?"

పిల్ల తల్లివైపు తిరిగి వాళ్ళ మాటలో అడిగింది. తల్లి చెప్పింది. చాలాసేపు చెప్పింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, కాళ్ళు చూపించి, మళ్ళీ నడుము చూపించి చెప్పింది. పిల్ల నర్సమ్మ వైపు తిరిగి ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఐదు."

నర్సమ్మ రాసుకుని వెళ్ళిపోయింది. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. అంతసేపు చెప్పిన మాటల్లో 'ఐదు' పోగా మిగిలినవి ఏమైనాయి? 

ఆ వయసులో నేను కూడా మా అమ్మకు నోరుగా ఉండినదాన్నే. అదే ఉత్తరాదిలో. మా అమ్మ నా చేత ఒక మాట చెప్పి పంపించింది. నేను ఆ మాట చెప్పలేదు. ఈ సంగతి నా మొగునికి చెప్పలేదు, నా బిడ్డలకు చెప్పలేదు. ఇప్పుడు రాసి పెడుతున్నాను.

మేము దూది ఏకేవాళ్ళం. మమ్మల్ని ఊర్లో అందరూ సాయిబులంటారు. సాయిబులేమో మాకు వాళ్ళ మాట రాదని, మేం ఇండ్లల్లో తెలుగే మాట్లాడతామని మమ్మల్ని వేరుగా చూస్తారు. మాకు రెండూ అలవాటే. పీర్ల పండగకు గుండం తొక్కేవాళ్ళం, రంజానుకు నమాజుకు పోయేవాళ్ళం. అమ్మ మెడలో నల్లపూసలు ఉండేవి. వాటిని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మా నాయన దగ్గర మనిషి ఎత్తుకు మించిన విల్లు ఉండేది. దాని నారిని దూదిలో ఆనించి, కొయ్యగుండుతో కొడితే దూది పొగ మాదిరి లేచేది. ఆ మోత వీధి చివరిదాకా వినపడేది. మా ఇంట్లో అందరి తలల మీదా ఎప్పుడూ దూదిపింజలే. అన్నంలో కూడా వచ్చేవి. "పంటికి తగిలితే రాయి, నాలిక్కి తగిలితే దూది, తిను మే," అనేది అమ్మ.

మా అమ్మకు నోరుండేది. నోరంటే తిట్టడం కాదు. ఆమె మాటకు ఎదురు మాట ఎవరికీ దొరికేది కాదు. ఒకసారి పక్కింటామె మా చాట అడిగి తీసుకుపోయి నెల దాటినా ఇవ్వలేదు. అమ్మ వాకిట్లో నిలబడి, ఎవర్నీ చూడకుండా, "ఏమ్మా, మా చాట మీ ఇంటికి కాపురానికి వచ్చిందా ఏంది? చెప్తే సారె తెచ్చి ఇస్తాం గదా," అంది. వీధంతా నవ్వింది. చాట ఆ క్షణమే ఇంటికి వచ్చింది, అందులో నాలుగు బెండకాయలతో సహా. సాయంత్రమయితే ఆడవాళ్ళు చెనిక్కాయలు ఒళ్ళో పోసుకుని మా అరుగు మీదికి చేరేది మా అమ్మ మాటల కోసమే.

దూది ఏకే మిషను మా ఊరికి వచ్చిన సంవత్సరం మా నాయన విల్లు మూలకు చేరింది. పత్తి కొనడానికి వచ్చే ఉత్తరాది సేటు దగ్గర ఒక గుమస్తా ఉండేవాడు. అతను చెప్పాడట, మా ఊర్లో చలికాలం వస్తే ఇంటింటికీ దూది బొంతలు కావాలి, చేసేవాళ్ళు చాలడం లేదు అని. మా నాయన ఆ రాత్రి నిద్రపోలేదు. మేకను అమ్మేశాడు. మమ్మల్ని తీసుకుని జమ్మలమడుగులో ఉన్న మా అవ్వ దగ్గరికి, అంటే మా అమ్మ తల్లి దగ్గరికి, చెప్పి పోవడానికి వెళ్ళాడు.

"ఆడ చలి శానా అంటత్తా. చలి ఉండే చోట దూది పనికి కొదవుండదు," అన్నాడు.

"చలి తినేదానికి అంత దూరం పోతాండారా?" అంది అవ్వ. "ఆడ సంగటి దొరుకుతాదా అల్లుడా?"

"దొరక్కుంటే రొట్టె తింటాం."

"దినామూ?"

"దినామూ."

అవ్వ లేచింది. లోపలికి పోయి రాగిపిండి మూట ఒకటి కట్టి తెచ్చింది. మా అమ్మను పట్టుకుని, "నీకేమన్నా అయితే ఎవురితో చెప్పుకుంటావు మే?" అంది. అమ్మ నవ్వి, "నోరుంది గదమ్మా," అంది.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. మూడు రైళ్ళు మారాం. మా విల్లు ఏ పెట్టెలోనూ ఇమడలేదు. మా నాయన దాన్ని కిటికీ పక్కన నిలబెట్టి పట్టుకుని కూర్చున్నాడు. ఒకాయన అడిగాడు, "ఏం వాయిద్యం సామీ ఇది?" అని. "ఆకలేసినప్పుడు వాయిస్తాం," అంది అమ్మ. పెట్టెలో అందరూ నవ్వారు. మళ్ళీ ఊరికి తిరిగి వచ్చేదాకా మా అమ్మ మాటకు జనం నవ్వింది అదే ఆఖరు. ఆ తర్వాత రెండో రైల్లో ఆమె ఏదో అంటే ఎవరూ తల తిప్పలేదు. ఆమె మళ్ళీ అంది. ఎవరికీ అర్థం కాలేదు. చెనిక్కాయల మూట విప్పి నా చేతిలో గుప్పెడు పోసి, కొంగు తల మీదికి లాక్కుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మేము పోయిన ఊరు ఇత్తడి సామాన్ల ఊరు. పొద్దున లేస్తే సుత్తి మోతలు. సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒత్తుకోవాలి. తల ఎత్తితే ఆకాశం చీరంచు అంత కనపడుతుంది. ఆవనూనె వాసన, బొగ్గు పొగ వాసన. మాకు దొరికిన గది మూడో అంతస్తులో, దాని పైన మిద్దె. నేల మీద పుట్టి నేల మీద పెరిగిన వాళ్ళం, మెట్లు దిగితే గాని నీళ్ళు లేవు, మెట్లు దిగితే గాని దొడ్డి లేదు. మొదటి వారం మా అమ్మ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని కూర్చుని దిగేది, చిన్నపిల్ల మాదిరి.

ఇంటి యజమానురాలు ఒక ముసలామె. సందులో అందరూ ఆమెను దాదీ, అంటే నాయనమ్మ, అంటారు, నేనూ అలాగే అన్నాను. మేము దిగిన రోజే ఆమె మా అమ్మ నల్లపూసలు చూసింది, బురఖా లేని తల చూసింది, మా నాయనతో ఏదో అడిగింది. సాయిబులకు ఉర్దూ రాకపోవడం ఆమె పుట్టినప్పటి నుంచి చూడలేదట. మా నాయన తనకు వచ్చిన నమాజు మాటలు గబగబా చదివి వినిపించాడు. ప్రొద్దుటూరులో మిల్లు గుమస్తానయినా నిలబెట్టి అడిగే మనిషి, అక్కడ పరీక్ష ఇచ్చే పిల్లవాడి మాదిరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అక్కడ ఆయన నోట్లో ఒకటే మాట, "హా జీ". ఏమడిగినా హా జీ. ఒకసారి ఎవరో నీ దూదిలో దుమ్ముందని తిడితే కూడా హా జీ అన్నాడు. అమ్మ నా వైపు చూసి, "మీ నాయనకు మెడలో ఏదో ఇరిగిపోయింది మే, పైకీ కిందికీ తప్ప ఆడడం లేదు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె మాటకు నవ్వడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

నాకు ఆ మాట రెండు నెలల్లో వచ్చేసింది. చేతిపంపు దగ్గర ఆడపిల్లలతో వచ్చింది, కొట్లాటలో ఇంకా తొందరగా వచ్చింది. అమ్మకు రాలేదు. నేర్చుకోవాలని చూసింది. 'పానీ' అనేది, 'నమక్' అనేది. కానీ రెండు మాటలతో బతకడం ఆమెకు చేతకాదు. "ఉప్పు అని అడిగేదానికా నాకు నోరిచ్చింది దేవుడు," అనేది.

కాబట్టి అన్నిటికీ నన్నే పంపేది, లేదా పక్కన పెట్టుకునేది. నాకు అందులో ఒక సుఖం తెలిసింది. మా అమ్మ ఏమన్నదో ఎదుటివాళ్ళకు తెలియదు, వాళ్ళేమన్నారో మా అమ్మకు తెలియదు. మధ్యలో నేను రాణిని. ఒకరోజు కూరగాయల బండివాడు వచ్చాడు. అమ్మ సొరకాయ గోటితో గిల్లి, "ఇది వాళ్ళ తాత కోసినాడా, వాళ్ళ ముత్తాత కోసినాడా అడుగు," అంది. నేను బండివాడితో, మా అమ్మ నీ కాయలు బాగున్నాయంటోంది, కొంచెం కొత్తిమీర ఇస్తావా అని అడిగాను. వాడు పళ్ళికిలించి కట్ట ఇచ్చాడు. అమ్మ కొత్తిమీర చూసి, "తిడితే కొత్తిమీర ఇస్తాండాడే. మంచి దేశమే ఇది," అంది.

దాదీ దగ్గరికి ఉప్పు కోసం పంపితే ఉప్పూ, బెల్లమూ రెండూ అడిగేదాన్ని. మా అమ్మకు చలికి దగ్గు, బెల్లం కావాలంట అనేదాన్ని. ఆ ఊరి చలికాలపు బెల్లం కొత్త చెరకు వాసన వేసేది, నువ్వులు కలిసి ఉండేవి. మెట్ల మీద కూర్చుని సగం నాకేసి, మిగతా సగం అమ్మకు ఇచ్చేదాన్ని. దాదీ ఇచ్చిందని చెప్పేదాన్ని. "ముసలామెది మంచి మనసే," అనేది అమ్మ.

దాదీ కోడలు సందు చివర ఆడపిల్లల బడిలో టీచరు. మధ్యాహ్నం బడి అయినాక వరండాలో కూర్చునేది. నేను పోయి స్తంభం పక్కన నిలబడి చూసేదాన్ని. ఒకరోజు పిలిచి నా చేతిలో పలక పెట్టింది. ఉర్దూలో మొదటి అక్షరం, అలిఫ్ అని ఒక నిలువు గీత గీసింది. నేను గీశాను. గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ గీయమంది. ఆ రోజు ఎన్నిసార్లు గీశానో తెలియదు. తర్వాత రోజు బే. రోజూ మధ్యాహ్నం అక్కడే ఉండేదాన్ని. ఆమె మా నాయనతో చెప్పింది, చలి తగ్గినాక కొత్త తరగతి మొదలవుతుంది, మీ పిల్లను నేనే చేరుస్తాను అని. మా నాయన హా జీ అన్నాడు. ఆ ఒక్క హా జీ మాత్రం మనసారా అన్నాడనుకుంటాను, ఎందుకంటే గదిలోకి వచ్చి అమ్మతో గొప్పగా చెప్పాడు.

"బిడ్డను బడికి పంపిస్తారంట."

"మన ఇండ్లల్లో ఆడపిల్ల పలక పట్టిందా యాడన్నా?" అంది అమ్మ. అన్నదే కానీ పలక నా చేతిలోంచి తీసుకుని, ఆ గీతల్ని వేలితో తాకకుండా పైపైన చూసి, జాగ్రత్తగా గూట్లో పెట్టింది.

పని బాగానే దొరికింది. మా నాయన సందుల్లో విల్లు మోసుకుని తిరిగి, ఇండ్ల వాకిళ్ళలో పాత బొంతల దూది ఏకి వచ్చేవాడు. కొత్త బొంతల పని మిద్దె మీద. దూది మూటలు మూడు అంతస్తులు పైకి మోసేది అమ్మ. పరిచి, సన్నబెత్తంతో కొట్టి చదును చేసి, కుట్లు వేసి, కుట్టిన బొంతను తల మీద పెట్టుకుని కిందికి దించేది కూడా అమ్మే. ఆ ఊరి బొంత అంటే మన పరుపంత బరువు.

ఇక్కడ మా ఇండ్లల్లో ఉండిన ఒక పద్ధతి చెప్పాలి. ఆడమనిషికి నెల తప్పితే తన నోటితో మొగునికి చెప్పదు. ముందు ఒక పెద్దామెకు చెప్పాలి. తల్లి అయినా సరే, అత్త అయినా సరే, ఎవరూ లేకపోతే వీధిలో పెద్దామె. ఆమె బెల్లం ముక్క ఇచ్చి, అప్పుడు తాను పోయి మొగవానికి చెబుతుంది. చెప్పి, ఏమేం చెయ్యనీయకూడదో కూడా చెబుతుంది. పులివెందులలో ఇచ్చిన మా చిన్నమ్మ ఒకసారి ఇందుకే బస్సెక్కి జమ్మలమడుగుకు వచ్చింది. మొగుడు పక్కనే కూర్చుని వచ్చాడు, అతనికి తెలియదు. అవ్వ చిన్నమ్మకు బెల్లం ఇచ్చి, వాకిట్లో బీడీ తాగుతున్న ఆయన దగ్గరికి పోయి, "నాయనా, ఈ పొద్దు నుంచి నీళ్ళ బిందె నువ్వు మోయాల," అంది. ఆయన బీడీ కింద పడేశాడు. మా పిల్లలందరికీ తలా ఒక ముక్క బెల్లం వచ్చింది. అది మాకు పండగ.

పెద్దామె చెబితే అది ఆజ్ఞ. పెళ్ళాం చెబితే అది పని ఎగ్గొట్టే సాకు. పద్ధతి వెనక ఉన్నది ఇదేనని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఆ చలిలో అమ్మ ఆవనూనె వాసనకు కక్కుకోవడం మొదలుపెట్టింది. నూనె సరిపడడం లేదనుకున్నాడు నాయన. ఒక ఉదయం బొంతలో తల పెట్టుకుని పడుకున్న నాకు వినపడింది.

"నీకు ఈడ సరిపడకపోతే చెప్పు మే. బిడ్డను తోడిచ్చి ఊరికి పంపిస్తా. చలి పోయేదాకా నేనొక్కన్నే ఉంటా," అన్నాడు.

"ఏం కాలేదు," అంది అమ్మ.

నాకు అర్థమైంది ఒకటే. అమ్మకు బాగలేకపోతే నేను రైలెక్కాలి. బడి తెరిచేలోపల రైలెక్కాలి.

నాలుగైదు రోజుల తర్వాత, మధ్యాహ్నం, మిద్దె మీద ఎండలో అమ్మ దూది పరుస్తోంది. దాదీ మిద్దె ఆ చివర నులకమంచం మీద కూర్చుని శనగాకు గిల్లుతోంది. అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. నా నెత్తిమీది దూదిపింజ తీసింది. చాలాసేపు తీసింది, లేని పింజలు కూడా తీసింది.

"మే, ఆ పెద్దామెతో ఒగ మాట చెప్పాల."

"ఉప్పా?"

"ఉప్పు కాదు. మా అమ్మ నీళ్ళోసుకోని మూడో నెలంట అని చెప్పు. మూటలు మోసేదానికి కావడం లేదంట, మా నాయనకు మీరే చెప్పల్లంట అని చెప్పు." ఆమె నా మొహం చూడలేదు. "పిల్లతో చెప్పకూడదు ఇట్లాంటివి. ఇంగెవురున్నారు ఈడ? పో. ఉండేది ఉండేట్టు చెప్పు, నీ మాటలు కలపాకు."

కొత్తిమీర సంగతి ఆమెకు తెలుసేమోనని నాకు ఒక్కసారి భయమేసింది.

అమ్మ నుంచి దాదీ మంచం దాకా పదిహేను అడుగులు ఉంటాయేమో. నాకు ఆ మాటలు ఆ భాషలో వచ్చు. చేతిపంపు దగ్గర ఆడవాళ్ళు ఇట్లాంటివి మాట్లాడుకోవడం రోజూ వినేదాన్ని. రాక చెప్పలేదని ఇన్నేళ్ళలో నాకు నేను కూడా అబద్ధం చెప్పుకోలేకపోయాను. పదిహేను అడుగులూ నాకు రైలు కనపడింది. దాదీ తలెత్తి ఏమిటని అడిగింది. నా నోట్లోంచి అలవాటైన మాట వచ్చింది.

"మా అమ్మకు చలి చేసింది. కొంచెం బెల్లం కావాలంట."

దాదీ లేచి కిందికి దిగి పోయి పెద్ద ముక్క తెచ్చింది. ఈసారి నా చేతికి ఇవ్వకుండా తానే నడిచి పోయి అమ్మ చేతిలో పెట్టింది. భుజం తట్టింది. అమ్మ ఆ బెల్లాన్ని చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. మన దేశం కాదు, మన మాట కాదు, అయినా పెద్దామె బెల్లం ఇచ్చింది. మా అమ్మ వంగి ఆమె కాళ్ళు పట్టుకుంది. దాదీకి ఏమీ అర్థం కాక, బెల్లం ముక్కకు ఇంత మర్యాదా అని నవ్వి, ఆమెను లేపింది. నేను వాళ్ళిద్దరి మధ్య నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు.

తర్వాత అమ్మ ఎదురుచూసింది. పెద్దామె మొగవానికి చెబుతుందని, మొగవాడు మూట మీద చెయ్యి వేసి 'నువ్వు దించు' అంటాడని. మూడు రోజులకు అడిగింది.

"పెద్దామె మీ నాయనతో ఏమన్నా చెప్పిందా మే?"

"పరాయి మొగోల్లతో వాళ్ళు మాట్లాడరంటమ్మా. వాళ్ళ కొడుకు ఊర్నుంచి వచ్చినాక చెప్పిస్తాదంట."

ఈ అబద్ధం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. వెదుక్కోకుండానే వచ్చింది. అమ్మ నన్ను కాసేపు చూసి, "సరే," అంది. మళ్ళీ అడగలేదు. మూటలు మోస్తూనే ఉంది. నేను మధ్యాహ్నాలు పలక పట్టుకుని కిందికి పరిగెత్తుతూనే ఉన్నాను.

ఇరవై రోజులు గడిచి ఉంటాయి. ఎవరిదో పెళ్ళికి చేసిన బొంత, ఎర్ర సాటిను గుడ్డది, తల మీద పెట్టుకుని అమ్మ దిగుతోంది. నేను కింద వరండాలో టీచరమ్మ పక్కన ఉన్నాను. బొంత ముందు వచ్చింది, మెట్ల మీద ఒక్కొక్క మెట్టూ దొర్లుతూ. తర్వాత ఏ శబ్దమూ రాలేదు. నేను పైకి పోయేసరికి అమ్మ రెండో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడలేదు. తనే కూర్చుంది. చీర తడిసి ఉంది.

దాదీ వచ్చింది, చూసింది, గుండె మీద కొట్టుకుంది. మంత్రసాని కోసం మనిషిని పరిగెత్తించి, మా అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా అరిచి ఏడుస్తూ ఒకటే మాట అంటోంది. నాకు ఎందుకు చెప్పలేదు, ఎవరూ నాకు ఎందుకు చెప్పలేదు, చెబితే మూట ముట్టనిచ్చేదాన్నా అని.

అమ్మ నా వైపు చూసింది. 

"ఏమంటాంది మే ఆమె?"

"పండుకోమంటాందమ్మా," అన్నాను.

సాయంత్రానికి అంతా అయిపోయింది. అమ్మ బతికింది. మా నాయన సందులో పని ముగించుకుని వచ్చేసరికి కబురందుకుని ఊరినుంచి వచ్చిన దాదీ పెద్దకొడుకు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పాడు. మా నాయన హా జీ అన్నాడు. చెప్పింది అర్థమయిందో లేదో, మళ్ళీ హా జీ అన్నాడు. తర్వాత మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి గుప్పెడు కొత్త దూది తీసి విల్లు కింద పెట్టి ఏకాడు. అంత మెల్లగా ఆయన కొట్టడం నేను ఎప్పుడూ వినలేదు. దక్కకుండా పోయిన బిడ్డను ఆ దూదిలో చుట్టాడు. మమ్మల్ని ఏ దేశపు సాయిబులని అడిగిన సందులోంచే నలుగురు మగవాళ్ళు ఆయన వెంట గోరీల దిబ్బకు పోయారు.

చలి తగ్గకముందే తిరిగి వచ్చేశాం. విల్లు అక్కడే అమ్మేశాడు. పలక టీచరమ్మ తీసుకుపొమ్మంది. నేను తీసుకోలేదు. బయలుదేరేటప్పుడు దాదీ అమ్మ గడ్డం పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. తెలిసి ఉంటే, తెలిసి ఉంటే అని అదే మాట. ఏమంటోందని ఈసారి అమ్మ నన్ను అడగలేదు.

ప్రొద్దుటూరుకు వచ్చినాక నాయన మిల్లులో మూటలు మోసే పనికి పోయాడు. నేను చెనిక్కాయలు వొలిచే పనికి పోయాను. బడి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మకు నోరు తిరిగి వచ్చింది. అరుగు మీద ఆడవాళ్ళు మళ్ళీ చేరారు, మళ్ళీ నవ్వులు. కానీ ఆ తర్వాత ఆమె నా చేత ఎవరికీ ఏ మాటా చెప్పి పంపలేదు. పక్కింటికి చాట కోసమైనా తానే పోయేది. ఇంకో బిడ్డ పుట్టలేదు.

నాకు పెళ్ళయింది, బిడ్డలయినారు, వాళ్ళకు బిడ్డలయినారు. మా వీధిలో పెద్దవాళ్ళ కోసం సాయంత్రాలు బడి పెట్టినప్పుడు నా వయసు యాభై దగ్గర పడింది. అఆలు దిద్దాను. ఆరు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒక రోజు అమ్మ పక్కన కూర్చుని, ఆ బడిలో ఇచ్చిన పుస్తకం బయటికి చదువుతున్నాను. అమ్మ చెనిక్కాయలు వొలుస్తోంది. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది, చేతులకు మాత్రం అన్నీ తెలుసు. ముందూ వెనకా ఏమీ లేకుండా అంది.

"ఆ పెద్దామెకు నువ్వు చెప్పలేదు గదా."

నేను చదవడం ఆపాను. వేలు మాత్రం ఆ అక్షరం మీదే ఉంది.

"నీకెట్ల తెల్సు?"

"కడుపుతో ఉండేదాన్ని చూసే చూపు వేరే మే. ఏ దేశంలోనన్నా అంతే. ఆమె చూపు మారలేదు. రెండు దినాలకే తెల్సింది నాకు."

"మరి అడగకపోతివే నన్ను. చేతులుండె గదమ్మా నీకు. కడుపు మీద చెయ్యి పెట్టి చూపిచ్చింటే ఆమెకు తెలీదా?"

అమ్మ కాయ చిదిపింది. పప్పు చాటలో వేసింది. పొట్టు ఊదింది.

"చూపిద్దామనే మెట్లు దిగినా ఒగ పొద్దు. నువ్వు ఆ టీచరమ్మ పక్కన కూచోని పలక మింద రాస్తాండావు. నాలిక బయట పెట్టుకోని రాస్తాండావు. నేనొచ్చింది గూడా చూసుకోలే." ఇంకో కాయ తీసుకుంది. "చెప్తే మీ నాయన మర్సునాడే రైలెక్కిచ్చేటోడు. ఇంగ నాల్గు దినాలు రాసుకోనీలే అని, ఎనిక్కి ఎక్కినా."

 ఆమెకు నా నుంచి ఏమీ అక్కర లేనట్టు, "చదువు. నిలిపినావేం," అంది. నేను చదివాను. ఏం చదివానో గుర్తు లేదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను పేపరు చదువుతాను, బస్సు మీద ఊరి పేరు చదువుతాను, ఇదంతా రాశాను. అన్నీ తెలుగక్షరాలు. ఆ వరండాలో ఆ ఇరవై రోజులు నేను దిద్దిన అక్షరాలు వేరే. కుడి నుంచి ఎడమకు పోయేవి. మా ఊరి మసీదు గోడ మీద అవే ఉంటాయి. ఆ దారిన పోయినప్పుడల్లా ఆగి చూస్తాను. ఆ నిలువు గీత తప్ప వాటిలో ఒక్కటీ నాకు చదవడం రాదు.